దొరల గోళీల ఛాంపియను

సాయంత్రం నాలుగుంబావుకి వంటింటి గడప మీద కాఫీ గ్లాసు పెట్టిన చప్పుడైంది. ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, మా ఇంట్లో నాకు కాఫీ అందే పద్ధతి అదే. గ్లాసు కనబడేది, తెచ్చిన చెయ్యి కనబడేది కాదు. ఆ చెయ్యి మా అత్తగారిది. వినుకొండ అవతల ఒక పల్లెలో మిరపా పత్తీ పండించే కుటుంబం వాళ్లది. ఆ ఇళ్లలో అత్తగారు అల్లుడి ఎదుట పడకూడదు, పడినా కూర్చోకూడదు, చెప్పవలసిన మాటేదైనా ఉంటే మూడో మనిషితో చెప్పాలి. మూడో మనిషి దొరక్కపోతే గోడతోనో గేదెతోనో చెప్పాలి. ఆ మాట తనకేనని అల్లుడు తెలుసుకోవాలి. అది కోపం కాదు, మర్యాద. మా పెళ్లయి మూడేళ్లయినా నేను ఆవిడ ముఖం సరిగ్గా చూసింది పెళ్లి ఫోటోలోనే, అందులోనూ ఆవిడ పక్కకి తిరిగి ఉన్నారు. ఈ కాలం పిల్లలకి చెబితే నవ్వుతారు. నవ్వడానికి నాకూ అభ్యంతరం లేదు. కానీ ఆ మర్యాదని వెంటబెట్టుకునే నేను జీవితంలో ఒకే ఒక ఆటలో గెలిచాను. (గెలిచింది నేను కాదనుకోండి. ఆ సంగతి చెబుతూ పోతే తెలుస్తుంది.)

మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అయితే వాళ్ల ఊరి రోడ్డు మీద బస్సెక్కిస్తే కాన్పు బస్సులోనే అయిపోతుందని డాక్టరమ్మ చెప్పడంతో, మా ఆవిడ పుట్టింటికి వెళ్లే బదులు పుట్టిల్లే గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చింది. పుట్టిల్లంటే మా అత్తగారు ఒక్కరే. మామగారు అంతకు రెండేళ్ల ముందు పోయారు. ఆయన పోయాక ఆవిడ ఊళ్లో గేటు దాటింది లేదని, ఎవరైనా వస్తే లోపలినించే మాట్లాడి పంపేసేవారని, మిరపకాయల కళ్లంలోకి కూడా వెళ్లడం మానేశారని మా ఆవిడ చెప్పేది. మాది రెండు గదులూ వంటిల్లూ ఉన్న అద్దె ఇల్లు. నేను వీధి గదిలోంచి పెరట్లోకి వెళ్లాలంటే ముందు దగ్గేవాణ్ణి. అవతల గాజుల్లేని చేతులు గిన్నెలు సర్దుకుని పక్కకి తప్పుకునేవి. నా దగ్గు విని పక్కింటాయన ఒకరోజు దగ్గుమందు సీసా తెచ్చిచ్చాడు. వద్దనలేక తీసుకున్నాను.

ఆ సాయంత్రం గ్లాసుతో పాటు ఒక మాట కూడా గడప దాటి వచ్చింది. డాక్టరమ్మ నడవమన్నారట, బ్రాడీపేట సందుల్లో స్కూటర్ల మధ్య నడవడం కష్టమట, అల్లుడుగారికి ఏదో క్లబ్బు ఉందిగదా, అక్కడ పచ్చిక ఉంటుందిగదా అని. ఇదంతా వాకిట్లో ఆరేసిన చీరతో చెప్పారు. నేను చీర పక్కనే నిలబడి విన్నాను.

నేను అప్పుడు ఒక పొగాకు కంపెనీలో చిన్న ఆఫీసర్ని. కంపెనీకి ఒక క్లబ్బు ఉండేది. దొరలు పోతూపోతూ అందులో వదిలేసిన వాటిలో ఒక బిలియర్డ్స్ బల్ల, గోడకి ఒక దుప్పి తల, వెనకాల నలుచదరపు పచ్చిక ఒకటి మిగిలాయి. ఆ పచ్చిక మీద ఆడే ఆటని లాన్ బౌల్స్ అంటారు. ఊళ్లోవాళ్లు మాత్రం దొరల గోళీలు అనేవాళ్లు. ఆట చెప్పుకోవడానికి తేలిక. ముందు ఒక చిన్న తెల్ల బంతిని దూరంగా దొర్లిస్తారు. తర్వాత కొబ్బరికాయంత చెక్కబంతుల్ని ఇటునించి ఒక్కొక్కటీ దొర్లించి దాని దగ్గరికి చేర్చాలి. ఎవరి బంతి దగ్గరగా ఆగితే వాళ్లది పాయింటు. ఎదుటివాళ్ల బంతిని కొట్టి తప్పించవచ్చు. ఇంతే అయితే నేనూ ఆడేవాణ్ణి. ఆ చెక్కబంతి తిన్నగా పోదు. దాన్ని ఒక పక్క కాస్త లోపంగా చెక్కుతారు. ఆ పక్కన చిన్న తెల్ల బిళ్ల ఒకటి అతికించి ఉంటుంది. బిళ్ల ఏ పక్క ఉంటే బంతి చివర్లో ఆ పక్కకి వంగుతుంది. బిళ్ల చూసుకోకుండా తిరగేసి పట్టుకున్నామా, బంతి మనం అనుకున్న చోటికి సరిగ్గా వ్యతిరేకంగా వెళ్లి ఎవరి కాలికో తగులుతుంది. నా బంతి ఆ ఏడాది ఇద్దరు మేనేజర్ల కాళ్లకీ ఒక టీ ట్రేకీ తగిలింది. పరిగెత్తక్కర్లేని ఆట కదా అని చేరాను. అంతకుమించి నాకూ ఆ ఆటకీ సంబంధం లేదు.

ఆ సాయంత్రం నేను ముందు, పదిగజాలు వెనకగా తల్లీ కూతుళ్లూ, క్లబ్బుకి వెళ్లాం. నేను రోజూలాగే నాలుగు బంతులు వేశాను. నాలుగోది పచ్చిక దాటి, గట్టు దిగి, వాళ్లు నడుస్తున్న దారిలోకి పోయింది. మా అత్తగారు వంగి దాన్ని తీశారు. ఒకసారి చేతిలో తిప్పి చూశారు. కొంగు నడుముకి దోపుకుని, చెప్పులు విడిచి, గట్టు మీదనించే దొర్లించారు. అది మొదట ఎటో వెళుతున్నట్టు వెళ్లింది. ఇంక పోయిందిలే అనుకునేసరికి మెల్లగా తిరిగి వచ్చి, తెల్లబంతిని ఆనుకుని ఆగింది. అక్కడ కుర్చీలో కూర్చున్న పాస్టరుగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. (క్లబ్బు పక్క చర్చి ఆయనది. అబద్ధం ఆడడని అందరికీ నమ్మకం గనక పోటీలన్నిటికీ ఆయన్నే అంపైరుగా పెట్టేవాళ్లు.) అదెలా చేశారో కనుక్కోమని ఆయన నాతో అన్నారు, నేను మా ఆవిడతో అన్నాను, మా ఆవిడ వాళ్లమ్మని అడిగింది. జవాబు అదే దారిన తిరిగొచ్చింది.

"ఇది వంకర బంతి. వంకర మనిషితో కాపరం చేసినట్టే. ఎటు లాగుద్దో తెలిస్తే చాలు."

పాస్టరుగారు చాలాసేపు నవ్వారు. నేను నవ్వాలో వద్దో తెలియక, మా మామగారి జ్ఞాపకార్థం ఊరుకున్నాను.

తర్వాత తెలిసిందేమిటంటే ఆవిడ ఆరుగురు అన్నదమ్ముల మధ్య ఒక్క ఆడపిల్లగా పెరిగారు. ఎత్తుపల్లాల వాకిట్లో గోళీలాడి ఆరుగురినీ ఏడిపించారు. పెళ్లయ్యాక ఆడలేదు. ఆ రోజునించి మాత్రం మా ఆవిడ నడక సంగతి అందరూ మర్చిపోయారు. నాలుగుంబావుకి రావలసిన కాఫీ మూడున్నరకే గడప మీదికి రావడం మొదలైంది. నేను ఆఫీసునించి వచ్చేసరికి అది చల్లారి ఉండేది. ఆడేవాళ్లు పచ్చిక మీదికి తెల్లబట్టలతో రావాలని క్లబ్బులో పాత నియమం ఒకటుంది. నేను చేరినప్పుడు నాకు ఒక జత కుట్టించుకోవలసి వచ్చింది. ఆవిడకి ఏ ఇబ్బందీ లేకపోయింది. రెండేళ్లుగా ఆవిడ కట్టుకుంటున్నవి అవే.

డిసెంబరులో చుట్టుపక్కల క్లబ్బులన్నిటికీ కలిపి ఒక పోటీ జరిగేది. అది కుటుంబ జంటల పోటీ. సభ్యుడూ, అతని ఇంటి మనిషి ఒకరూ కలిసి ఆడాలి. అంతకుముందు ఏడు నేనూ మా ఆవిడా ఆడి మొదటి రోజే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేశాం. ఈసారి ఆవిడ వంగకూడదు గనక ఆవిడ బదులు వాళ్లమ్మ ఆడతారని నేను రాసిచ్చాను. అత్తగారు ఇంటి మనిషా కాదా అని కమిటీ ఒక పూటంతా మాట్లాడుకుంది. కమిటీలో ఉన్న నలుగురికీ అత్తగార్లు ఇంట్లోనే ఉన్నారు. ఇంటి మనిషి కాదని రాసి సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కాకపోతే సభ్యుడే కెప్టెన్‌గా ఉండాలన్నారు. కెప్టెనంటే ప్రతిసారీ చివరి బంతులు వేసేవాడు. ఆ విధంగా మా జట్టులో ఆట వచ్చినవాళ్లు ముందూ, రానివాడు చివరా ఆడాలని ఖాయమైంది.

ఇందులో ఇంకో చిక్కుంది. కెప్టెన్ ఈ కొసనించి బంతి వేస్తుంటే, జోడీ మనిషి ఆ కొసన తెల్లబంతి దగ్గర నిలబడి ఎటు ఖాళీ ఉందో, ఎంత జోరుగా వెయ్యాలో చెప్పాలి. చెప్పకపోతే ఇక్కడినించి ఏమీ తెలియదు. మా అత్తగారేమో నాతో మాట్లాడరు. అందుకని మా ఆవిడ గట్టున పేము కుర్చీలో కూర్చుని మధ్యలో టెలిఫోను ఆపరేటర్లా ట్రంక్ కాల్ కలిపేది. "అమ్మాయ్, అల్లుడుగారిని ఎడం పక్కనించి రమ్మను," అని అటునించి వచ్చేది. "ఏమండీ, ఎడం పక్కనించంట," అని ఇటు చెప్పేది. కొన్నిసార్లు లైన్లో వేరే మాటలు కూడా కలిసేవి. "అమ్మ జోరు తగ్గించమంటోంది. అమ్మ అనలేదు గానీ, నిన్న తెమ్మన్న అల్లం ఇవాళైనా తెస్తారా?" ఎదుటి జట్లవాళ్లు దీన్ని సరదాగానే తీసుకున్నారు. సరదా తీరేలోపల ఓడిపోయారు. మా అత్తగారు తన బంతులు ముందే వరసగా తెల్లబంతి చుట్టూ పేర్చి పెట్టేవారు. నేను వాటిని చెడగొట్టకుండా వేస్తే చాలు. చాలాసార్లు నా బంతి అక్కడిదాకా పోయేదే కాదు. అది మాకు కలిసొచ్చింది. అలా మేం ఫైనలుకి వచ్చాం.

ఫైనలుకి ముందే కాన్పయింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. నెల తిరిగేదాకా బాలింత గడప దాటకూడదు గనక ట్రంక్ కాల్ కలిపే మనిషి లేకుండా పోయింది. అది చాలదన్నట్టు, ఫైనలు ముందురోజు మా పెదమామగారు దిగారు. మామగారి అన్న, ఆ ఇంటికి పెద్ద. గుంటూరు మిర్చి యార్డుకి నిలవ కాయలు తెచ్చి, పిల్లని చూసి పోదామని వచ్చారు. పిల్లని చూశారు, చేతిలో డబ్బు పెట్టారు, తర్వాత కుర్చీ వంటింటి వైపు తిప్పుకున్నారు. (మా అత్తగారు ఆయన ఎదుటా పడరు. ఒకే తలుపు వెనక ఇద్దరికీ చాటు సరిపోయింది.)

"ఏమ్మా, ఇక్కడ బంతులాడుతున్నావంటగా. యార్డులో నలుగురూ నన్నడుగుతున్నారు."

ఆయన చెంబెడు నీళ్లు తాగి మళ్లీ అందుకున్నారు.

"తమ్ముడుంటే ఏమనేవాడో నాకు తెలియదు. నేనైతే వద్దనేవాణ్ణి. కానీ మొదలెట్టావు, చివరిదాకా వచ్చావు. రేపు ఆడు. గెలిస్తే ఊళ్లో నేనే చెప్పుకుంటా. ఓడావో, సాయంత్రం బస్సుకి నాతో వచ్చేస్తావు. పిల్లని చూడ్డానికి మా ఇంటిదాన్ని పంపుతా. మళ్లీ ఆ బంతి ముట్టుకునేది లేదు."

మా ఆవిడ ఏదో అనబోయింది. తలుపు వెనకనించి, "బావగారికి సరేనని చెప్పమ్మా," అని వినబడింది. పెదమామగారు భోజనం చేసి పడుకున్నాక మా ఆవిడ నన్ను పిలిచింది. పిల్లని ఒళ్లో వేసుకుని నెమ్మదిగా చెప్పింది. "నాన్న పోయాక అమ్మ ఇది కావాలని అడగడం నేను చూళ్లేదండీ. అన్నం పెడితే తినేది, లేకపోతే లేదు. ఇప్పుడు పొద్దున్నే లేచి ఆ బంతులకి కొబ్బరినూనె రాస్తోంది. మీరు రేపు ఏం చేస్తారో నాకు తెలియదు." మా ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి. నెమ్మదిగా మాట్లాడేసరికి నాకు భయం వేసింది.

ఎదుటి జట్టు దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ పెద్ద ఆఫీసరూ, ఆయన భార్యా. ఆయన పొడుగ్గా, సన్నగా, నిటారుగా ఉండేవాడు. ఎవరు ఏ తప్పు చేసినా రూలు చెప్పేవాడు. అందువల్ల మేమంతా ఆయన్ని రూళ్లకర్ర అనుకునేవాళ్లం. వరసగా ఎన్నో ఏళ్లు కప్పు వాళ్లదే. ఆట మొదలుకాకముందే ఆయన మా అత్తగారి పాదాలు చూసి పాస్టరుగారి దగ్గరికి వెళ్లాడు. రూలు ప్రకారం పచ్చిక మీదికి మడమ ఎత్తులేని బూట్లతో రావాలి, ఆవిడ చెప్పుల్లేకుండా ఉన్నారన్నాడు. (బావగారి ముందూ అల్లుడి ముందూ చెప్పులేసుకుని నిలబడడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.) పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని ఆ పాదాల వైపు చూశారు. ఇంతకన్నా ఎత్తులేని మడమ ఈ ప్రపంచంలో దొరకదనీ, ఆట మొదలుపెట్టమనీ చెప్పారు.

మా ఆవిడ లేదు గనక మాటలు చేరవేయడానికి పాస్టరుగారే పాపం ఒప్పుకున్నారు. ఆయన ఆదివారం ప్రసంగం చేసే గొంతుతో, "కెప్టెన్‌గారూ, అమ్మగారు తొందరపడవద్దంటున్నారు," అని చెబుతుంటే నాకు నిజంగానే తొందర తగ్గేది. అది కొద్దిసేపే. ఆటలో మేం ఒక పాయింటు ముందుకి వెళ్లగానే రూళ్లకర్ర చెయ్యెత్తాడు.

"అంపైరు ఒక జట్టు సూచనలు మొయ్యకూడదు. జోడీ మనిషి చెప్పాలనుకుంటే నేరుగా చెప్పాలి. లేదా ఊరుకోవాలి. ఇది రూలు."

ఆయన చెప్పింది నిజమే. పాస్టరుగారు క్షమాపణ చెప్పి నోరు మూసుకున్నారు. ఆ తర్వాత మా పరిస్థితి చెప్పడానికేమీ లేదు. అటు కొసన మా అత్తగారు తలవంచుకుని నిలబడ్డారు. ఇటు నేను గుడ్డివాడిలా వేశాను. ఒక బంతి గట్టెక్కింది. ఒకటి మా బంతినే తన్ని పంపేసింది. చూస్తూండగానే వాళ్లు నాలుగు పాయింట్లు ముందుకి పోయారు. గట్టు మీద పెదమామగారు జేబులోంచి గడియారం తీసి చూసుకున్నారు. బస్సు ఆరున్నరకి.

అప్పుడు మా అత్తగారు ఎన్నడూ లేనిది గొంతెత్తి మాట్లాడారు. నాతో కాదు. కాళ్ల దగ్గరున్న తెల్లబంతితో.

"ఏమే తెల్లపిల్లా, నీకు ముందువైపు దారంతా మూసేశారే. కుడి పక్కన మాత్రం బండి పట్టేంత ఖాళీ ఉంది. ఆ పక్కనించి ఎవరైనా నెమ్మదిగా వస్తే నిన్ను చేరుకుంటారు. వచ్చేవాళ్లకి తెలియాలిగా."

వచ్చేవాడికి తెలిసింది. నా బంతి కుడి పక్కనించి వెళ్లి తెల్లబంతికి బెత్తెడు దూరంలో ఆగింది. నా జీవితంలో అదే మొదటిసారి. రూళ్లకర్ర పరుగున వచ్చి ఇదీ సూచనేనన్నాడు. పాస్టరుగారు ఆయన చెప్పింది పూర్తిగా విన్నారు.

"అయ్యా, ఆవిడ బంతితో మాట్లాడారు. తమరూ పొద్దుటినించి మీ బంతుల వెంట నడుస్తూ, రా తల్లీ, ఇంకొంచెం, ఆగు తల్లీ అని బతిమాలుతున్నారు. బంతితో మాట్లాడ్డం తప్పంటే తమరి పాయింట్లు కూడా తీసెయ్యాలి. తీసెయ్యమంటారా?"

గట్టు మీద ఎవరో చప్పట్లు కొట్టారు. రూళ్లకర్ర వెనక్కి వెళ్లాడు. (ఆయన భార్య అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను.) అక్కడినించి మా అత్తగారికి అడ్డు లేకపోయింది. తెల్లపిల్లతో చాలా విషయాలు చెప్పారు. వాళ్ల బంతి ఎక్కడ ఎంత ఎడంగా ఉందో, ఏది కొట్టాలో, ఏది ముట్టుకోకూడదో, కొందరు మోకాలు వంచకుండా వేయడం వల్లే బంతి ఎగిరిపడుతోందని, మోకాలు వంగకపోవడానికి కారణం పొద్దున తిన్న పెసరట్లని. నేను అన్నీ శ్రద్ధగా విన్నాను. నాలుగు పాయింట్లూ తిరిగొచ్చాయి. చివరి విడతకి వచ్చేసరికి ఇద్దరం సమానంగా ఉన్నాం.

చివరి విడతలో మా అత్తగారు వేసిన రెండు బంతులు తెల్లబంతికి అటూ ఇటూ కాపలా ఉన్నట్టు ఆగాయి. రూళ్లకర్ర, ఆయన గొప్పతనం ఒప్పుకోవాలి, తన ఆఖరి బంతిని తుపాకి గుండులా వేసి ఆ రెంటినీ చెదరగొట్టాడు. ఆయన బంతి అక్కడే, మూరెడు దూరంలో, నిలబడిపోయింది. ఇంక మిగిలింది ఒక్క బంతి. అది నాది. అది ఆయన బంతికన్నా దగ్గరగా ఆగాలి. లేకపోతే ఆరున్నర బస్సు.

బంతి తీసుకున్నాను. కొబ్బరినూనె రాసిన బంతి జారుతోంది. మా ఆవిడ నెమ్మదిగా మాట్లాడిన మాట చెవిలో ఉంది. గట్టు మీద పెదమామగారు లేచి నిలబడ్డారు. తెల్లపిల్ల సంభాషణ కోసం చూశాను. మా అత్తగారు మొదలుపెట్టారు. ఎడం పక్కనించి రావాలి, వెడల్పుగా రావాలి, చివర్లో అదే లోపలికి వంగుతుంది అని. నేను తల ఊపి, మోకాలు వంచి, చెయ్యి వెనక్కి తీశాను. బిళ్ల చూసుకోలేదు. బంతి తిరగేసి పట్టుకున్నాను. అది నాకు తెలియదు. ముప్ఫై గజాల అవతల నిలబడ్డ ఆవిడకి ఆ తెల్ల బిళ్ల ఎండలో మెరుస్తూ తప్పు పక్కన కనబడింది. తెల్లపిల్లతో చెప్పి, ఆ మాట నాకు చేరి, నేను ఆలోచించుకునే వ్యవధి లేదు.

"ఒరేయ్, తిప్పి పట్టుకోరా."

చెయ్యి అక్కడే ఆగిపోయింది. పెదమామగారు, పాస్టరుగారు, మా మేనేజరు, నా కింద పనిచేసే గుమాస్తాలు, అందరూ విన్నారు. మా వైపు అల్లుణ్ణి అత్తగారు నువ్వు అనడమే ఎవరూ ఎరగరు. నేను రూళ్లకర్ర వైపు చూశాను. ఆయన చెయ్యి సగం లేచి, అక్కడినించి దిగిపోయింది. జోడీ మనిషి నేరుగా చెప్పాలన్నది ఆయన రూలే. మా అత్తగారు దాన్ని అక్షరాలా పాటించారు.

బంతి తిప్పి పట్టుకున్నాను. వేశాను. అది ఎడంగా, చాలా ఎడంగా వెళ్లింది. పక్కనెవరో అయ్యో అన్నాడు. అది ఆగిపోబోతూ తిరిగింది. రెండు బంతుల మధ్యనించి, తలుపు సందులోంచి దూరిన పిల్లిలా దూరి, తెల్లబంతిని తాకి, దాన్ని ఆనుకుని ఉండిపోయింది. పాస్టరుగారు కొలతకి తాడు తెచ్చారు. తాడు పట్టవలసిన సందే అక్కడ లేదు. ఆయన తాడు మడిచి జేబులో పెట్టుకుని, మా అత్తగారికి నమస్కారం పెట్టారు.

కప్పు అందుకోవడానికి ఆవిడ రాలేదు. ఆ మాట నోరుజారిన క్షణంనించి కొంగు తలమీదికి లాక్కుని గేటు దగ్గర నిలబడిపోయారు. కప్పు నేనే అందుకున్నాను. పెదమామగారు నా దగ్గరికి వచ్చి దాన్ని తీసుకుని, బరువు చూశారు, గోటితో గీకి చూశారు. "వెండేనా అల్లుడూ?" అన్నారు. పూతేనన్నాను. "పూతైనా పర్లేదు. ఇది నాకు రెండ్రోజులు కావాలి," అన్నారు. ఆరున్నర బస్సుకి ఆయనొక్కరే వెళ్లారు, కప్పు తువ్వాల్లో చుట్టుకుని. రెండ్రోజులన్నది పది రోజులైంది. ఊరంతా తిప్పి, వినుకొండలో తనకి తెలిసిన ప్రతి కొట్లో బల్లమీద పెట్టి, మా తమ్ముడి భార్య సిమెంటు ఫ్యాక్టరీ పెద్దాఫీసర్ని ఓడించిందని చెప్పి తెచ్చిచ్చారు. తెచ్చేసరికి దానికి ఒక సొట్ట ఉంది. సొట్ట ఎలా వచ్చిందో ఆయన చెప్పలేదు.

ఇంట్లో మాత్రం మూడు రోజులు ఎవరో పోయినట్టుంది. కాఫీ గ్లాసు గడప మీదికి వచ్చేది గానీ చప్పుడు లేకుండా వచ్చేది. నాలుగో రోజున మా ఆవిడ వచ్చి, అమ్మ ఊరికి వెళ్లిపోతానంటోంది, మీకు ముఖం ఎలా చూపించనని ఏడుస్తోంది అంది. ముఖం ఆవిడ ఇదివరకు మాత్రం ఎప్పుడు చూపించారని నాకు అనిపించింది. ఆ మాట అనలేదు. మా అమ్మ నా చిన్నప్పుడే, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పోయింది. ఆ తర్వాత నన్ను ఒరేయ్ అని పిలిచిన ఆడమనిషి లేదు. ఈ సంగతి నేను మా ఆవిడతో కూడా ఎప్పుడూ అనలేదు. ఆ రోజు వీధి గదిలో నిలబడి, వంటింటికి వినబడేలా చెప్పాను. చెప్పి, బాగా దగ్గి, ఆఫీసుకి వెళ్లిపోయాను.

సాయంత్రం నేను వచ్చేసరికి మా అత్తగారు పిల్లకి నూనె రాస్తున్నారు. నన్ను చూసి లేవలేదు. తలుపు చాటుకి వెళ్లలేదు. కొంగు కాస్త ముందుకి లాక్కుని, పిల్లతో అన్నారు.

"మీ నాన్నకి చెప్పు తల్లీ, వచ్చే ఏడన్నా బంతి చూసి పట్టుకోమని."

వచ్చే ఏడు కప్పు మాదే. ఆ తర్వాతా మాదే. ఎనభైలు గడిచేదాకా ఆ కప్పు మా ఇంటి బీరువా మీదనించి దిగలేదు. మిరప కోతలు మొదలయ్యేలోగా ఆవిడ ఏటా గుంటూరు వచ్చి, ఆడి, గెలిచి వెళ్లేవారు. హైదరాబాదునించి వచ్చిన మా కంపెనీ పెద్దల్ని ముగ్గుర్ని వరసపెట్టి ఓడించారు. అందులో ఒకాయన, ఇంగ్లండులో ఆడి వచ్చానని చెప్పుకున్నవాడు, ఓడిపోయాక ఆవిడకి షేక్‌హ్యాండు ఇవ్వబోతే ఆవిడ ఆ చేతిలో బంతి పెట్టారు. రూళ్లకర్ర నాలుగేళ్లు ఓడిపోయాక, ఐదో ఏడు మా ఇంటికొచ్చి వరండాలో కూర్చుని, ఆ వెడల్పు బంతి ఎలా వేస్తారో నేర్పమని అడిగాడు. ఆవిడ లోపలినించి మా అమ్మాయితో చెప్పారు, నాలుగేళ్ల మా అమ్మాయి ఆయనకి చెప్పింది. నిటారుగా ఉండే ఆ మనిషి మా వరండాలో మోకాలు వంచడం నేర్చుకున్నాడు. నాతో మాత్రం ఆవిడ మళ్లీ ఎప్పుడూ నేరుగా మాట్లాడలేదు. పిల్లతో, తెల్లబంతితో, చీరలతో చెప్పేవారు. కోరి మళ్లీ తిరగేసి పట్టుకుందామా అని నాకు చాలాసార్లు అనిపించింది. రెండుసార్లు పట్టుకున్నాను కూడా. ఆవిడ తెల్లపిల్లతో, "కొందరికి బుద్ధి రాదే," అన్నారు. అంతే.

ఆవిడ పోయి ఇది రెండో ఏడు. చివరి రోజుల్లో గుంటూరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు మంచం పక్కన నేనే ఉండేవాణ్ణి. అప్పటికి ఆవిడకి నేనెవరో సరిగ్గా తెలిసేది కాదు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, ఎవరో పిల్లవాడితో మాట్లాడినట్టు, అన్నం తిన్నావా అని అడిగారు. తిన్నానని చెప్పాను. ఆ మనిషికి అంత దగ్గరగా కూర్చుని, నేరుగా జవాబు చెప్పగలిగానని తెల్లబట్టల్లో దగ్గుతూ తిరిగిన ఆ కుర్రాడికి చెబితే నమ్మడు. వాడు బిళ్లే చూసుకునేవాడు కాదు, ఇంకేం చూస్తాడు.

మొన్న ఒక పెళ్లి విందుకి ఆ క్లబ్బుకి వెళ్లాను. పచ్చిక ఉన్నచోట నాపరాళ్లు పరిచి షామియానా వేశారు. పెద్ద వంట పాత్రలు అక్కడే పెట్టారు. బంతులు ఏమయ్యాయని అడిగితే వాచ్‌మన్‌కి నేను దేని గురించి అడుగుతున్నానో అర్థం కాలేదు. గుంటూరులో ఇప్పుడు ఆ ఆట ఎవరూ ఆడరు.